రింగులక్క పాత గీత

నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పొద్దున, డైరెక్టరు గారి కోసం వరండాలో కాచుకుని నిలబడి ఉంటే పక్క గదిలోంచి ఒక ఆవిడ గొంతు వినిపించింది. "పొద్దున్నించీ గీత ఉలకదు, పలకదు. నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది కదా, ఏం మాయరోగమో ఏమో." ఇంకో గొంతు, "కాసేపు వదిలేసి మళ్లీ లేపండి అక్కా, అదే లేస్తుంది" అంది. పాపం ఎవరో కళ్లు తిరిగి పడిపోయారనుకుని నా నీళ్ల సీసా పట్టుకుని లోపలికి పరిగెత్తాను. లోపల ఉన్నది ఇద్దరే. ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు.

"గీత ఎక్కడండీ?" అన్నాను రొప్పుతూ.

వాళ్లలో పెద్దావిడ నా సీసా వంక, నా వంక మార్చి మార్చి చూసి, బల్ల మీదున్న పాత తెల్ల కంప్యూటరుకి చెయ్యి అడ్డం పెట్టింది. "దీని మీద పోస్తావా ఏంటి తల్లీ, ఉన్న ప్రాణం కాస్తా పోతుంది" అంది.

గీత అంటే మనిషి కాదు, ప్రోగ్రాం. ఆ పెద్దావిడ పేరు ఆఫీసు కాగితాల్లో ఏదో ఉంది గాని ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. డైరెక్టరు గారి దగ్గర్నించి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆవిడ రింగులక్కే. చెట్ల రింగులు లెక్కపెడుతుంది కాబట్టి రింగులక్క.

మాది అడవుల మీద పరిశోధన చేసే చిన్న సంస్థ. ఆరు గదులు, వెనకాల ఒక సామాన్ల గది. కొండల మీదికి వెళ్లినవాళ్లు బతికున్న చెట్టు కాండంలోకి సన్నటి బోలు మేకు తిప్పి, పెన్సిలంత లావు పుల్లను బయటికి లాగి తెస్తారు. చెట్టుకేం కాదు. ఆ పుల్లను చెక్క గాడిలో అంటించి, శాండ్‌పేపరుతో గరుకు నుంచి నునుపు దాకా ఆరు దఫాలు రుద్ది, స్కాన్ చేస్తే తెర మీద చెట్టు వయసంతా అడ్డగీతలై పరుచుకుంటుంది. ఏడాదికో వలయం. వానలు బాగా పడిన ఏడు వెడల్పు, కరువొచ్చిన ఏడు సన్నం. ప్రతి వలయం అంచు మీదా మౌసుతో నొక్కుకుంటూ పోవాలి. నొక్కినకొద్దీ కింద ఒక గీత ఎగుడుదిగుడుగా పెరుగుతుంది. ఒక చెట్టు గీతను ఇంకో చెట్టు గీత మీదికి జరిపి, రెండూ ఎక్కడ ఒకదాంట్లో ఒకటి ఒదుగుతాయో చూస్తే ఏ వలయం ఏ సంవత్సరానిదో తేలుతుంది. అందుకే ప్రోగ్రాంకి ఆ పేరు. రింగులక్క ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేస్తున్న పని అదే. మొదటి పదకొండేళ్లూ భూతద్దంతో, స్కేలుతో, తరవాతంతా గీతతో.

పనిలో ఉన్న రింగులక్కను చూడటం ఒక ముచ్చట. కుడిచెయ్యి మౌసు మీద, ఎడమచెయ్యి కీబోర్డు మీద, కళ్లు తెర మీద. నోటికి మాత్రం సెలవు. ఆ సెలవులో నోరు చెట్లతో కబుర్లాడేది. "ఏమయ్యా, ఈ ఏడు తిండి సరిగ్గా తిన్నట్టు లేవే" అని ఒక సన్నటి వలయాన్ని పలకరించేది. "అబ్బో, ఈసారి మహా ఒళ్లు చేశావు" అని ఇంకోదాన్ని. చేతులు వాటి పాటికి అవి పోతుండేవి. ఒకసారి అడిగాను, తప్పు నొక్కితే వెనక్కి వెళ్లడానికి ఏ మీట నొక్కుతారక్కా అని. ఆవిడ కాసేపు ఆలోచించింది.

"చెప్పలేను అమ్మాయ్. చెయ్యినడుగు" అంది.

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ చెయ్యిని సరిగ్గా చూడలేదు. తరవాత ఏడు నెలలూ చూడలేదు.

అసలు నన్ను తీసుకున్నదే గీతను మార్చడానికి. డైరెక్టరు గారు మొదటిరోజే తేల్చి చెప్పారు. "గీత ఆ ఒక్క రకం కంప్యూటరు మీదే నడుస్తుంది. ఆ రకం ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యడం లేదు. మన దగ్గరున్నదే ఆఖరిది. అది పోయిన రోజు గీతా పోతుంది. మనతో కలిసి పనిచేసే సంస్థలు మూడు, వాళ్ల దగ్గర మూడు రకాల మెషీన్లు. అన్నిటి మీదా నడిచే గీత కావాలి. రెండేళ్లు నీ చేతిలో ఉన్నాయి."

దీన్ని మావాళ్లు పోర్టింగ్ అంటారు. ఒక మెషీన్ కోసం పుట్టిన ప్రోగ్రాంని ఇంకో మెషీన్ మీదికి చేర్చడం. లోపలి లెక్కలు ఎక్కడైనా ఒకటే. వలయం వెడల్పు ఏ మెషీన్ మీద కొలిచినా అంతే ఉంటుంది. మారేదల్లా కంటికి కనిపించేది, చేతికి తగిలేది: మెనూలు, బటన్లు, మీటలు. ఒక్కో మెషీన్‌కి ఒక్కో అలవాటు. దేని అలవాటు ప్రకారం దానికి విడిగా రాస్తే దాన్ని నేటివ్ అంటారు, పని మూడింతలవుతుంది. అలాకాక అన్నిటికీ ఒకే ముఖం తగిలించడానికి తయారుగా సరంజామా దొరుకుతుంది. నేను దాన్నే తీసుకుని ఏడు నెలల్లో పని ముగించాను. ఆ ఏడు నెలల్లో రింగులక్కను ఒకే ఒక్కసారి అడిగాను, కొత్తదాంట్లో మీకేం కావాలి అని.

"నాకేం కావాలి అమ్మాయ్, గీత గీతలా ఉంటే చాలు" అంది.

అదెంత పెద్ద కోరికో నాకప్పుడు తెలియలేదు.

కొత్త నల్ల కంప్యూటరునీ కొత్త గీతనీ ఒకే రోజు ఆవిడ బల్ల మీద పెట్టాం. డైరెక్టరు గారు అందరిచేతా చప్పట్లు కొట్టించారు. రింగులక్క కూడా కొట్టింది. పాత తెల్ల కంప్యూటరుని సామాన్ల గదిలోకి మోయించారు. ఆవిడ తొమ్మిదింటికి కూర్చుని ఒంటిగంట దాకా ఐదు పుల్లలు కొలిచింది, వెయ్యికి పైగా వలయాలు. భోజనానికి లేస్తూ ఫైలు మూసింది. మూసేముందు తెర మీద చిన్న పెట్టె వచ్చింది, దాచమంటారా అని. కింద రెండు బటన్లు. పాత మెషీన్లో 'దాచు' ఎప్పుడూ కుడి చివర ఉండేది. నేను వాడిన సరంజామాలో కుడి చివర 'వద్దు' ఉంది. ఇరవై ఏళ్లు అలవాటుపడిన చెయ్యి కుడి చివరికే పోయింది.

మెషీన్ అంతా గాలించాను. ఒక్క వలయం మిగల్లేదు.

"అక్కా, తప్పు నాది" అన్నాను.

"నీదెందుకవుతుంది? దాని మీద రాసే ఉంది కదా. చదువుకోకుండా నొక్కింది నేను" అంది. మధ్యాహ్నం కూర్చుని ఆ ఐదింటినీ మొదటి నుంచి మళ్లీ కొలిచింది. ఒక్క చెట్టుతోనూ మాట్లాడలేదు.

ఆ బటన్లను మర్నాడే తారుమారు చేశాను. దాంతో సరిపోయిందనుకున్నాను. కానీ రోజుకు పద్నాలుగు పుల్లలు కొలిచే మనిషి ఆరుకి దిగింది. ఆ ఆరింట్లోనూ తప్పులు. రెండు సన్నటి వలయాలను కలిపి ఒకటిగా లెక్కెయ్యడం లాంటివి. ఆవిడ చేతిలో ఎన్నడూ జరగని తప్పులు. ఎలా ఉందక్కా అంటే, "బాగానే ఉందమ్మా, నా కళ్లే మందగించినట్టున్నాయి" అనేది. డైరెక్టరు గారు కూడా, పాపం వయసు మీద పడింది అనడం మొదలుపెట్టారు. నేను కాదనలేదు. అలా అనుకోవడం నాకూ సుఖంగానే ఉంది.

ఒకరోజు భోజనాల వేళ, స్కానరు అట్టపెట్టె కోసం సామాన్ల గదికి వెళ్లాను. లోపల రింగులక్క ఒక చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది. ఎదురుగా పాత కంప్యూటరు వెలుగుతోంది. ఆవిడ కొలవడం లేదు. ఎప్పటివో రెండు గీతలు తెర మీద పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదాని మీదుగా మెల్లగా జరుపుతోంది. ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి. నీళ్ల మీద ఆకు జారినట్టు జారుతోంది గీత. నా గీత అలా జారదు. అడుగడుక్కీ గెంతుతుంది.

నన్ను చూసి ఉలిక్కిపడింది. "దీంట్లోవన్నీ నీ దాంట్లోకి వచ్చేశాయి, నాకు తెలుసు అమ్మాయ్. ఊరికే. చెయ్యి అడుగుతుంటేను" అంది.

నేను అట్టపెట్టె తీసుకుని వచ్చేశాను. ఆ తరవాత భోజనాల వేళ అటు వెళ్లడం మానేశాను. రెండు వారాలకి ఆవిడే నా గదికి వచ్చి, ఒకసారి వస్తావా అంది. పాత కంప్యూటరు మీట నొక్కితే వెలగలేదు. నేను తీగలన్నీ చూశాను, విప్పి చూశాను. లోపల ఏదో కాలిన వాసన. రింగులక్క చేతిరుమాలుతో దాని మీది దుమ్ము తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"పోయింది కదూ?" అంది.

"పోయిందక్కా."

"సరేలే. పద, పనుంది" అంది. పనేమీ లేదు. ఆ రోజు స్కాన్ చెయ్యాల్సినవన్నీ అయిపోయాయి.

మర్నాడు నా కుర్చీ లాక్కెళ్లి ఆవిడ పక్కన వేసుకున్నాను. "ఇవాళ మీరు కొలుస్తుంటే చూస్తానక్కా."

"నన్నేం చూస్తావే?"

"మిమ్మల్ని కాదు, గీతని."

ఆవిడ చప్పున నా వైపు తిరిగింది. మళ్లీ తెర వైపు తిరిగింది.

పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ ఎడమచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు చాపినవి చాపినట్టే ఉన్నాయి. అడిగితే, ఆరేళ్లప్పుడు మరుగుతున్న నీళ్లు పడ్డాయని, అప్పట్నించీ వంగవని చెప్పింది. పాత మెషీన్లో పొట్టి దారులన్నిటికీ, అంటే షార్ట్‌కట్లకి, నొక్కి పట్టుకోవాల్సిన మీట స్పేసు మీట పక్కనే ఉండేది, బొటనవేలి కింద. కొత్త మెషీన్లో ఆ పని చేసే మీట కీబోర్డు మూలన ఉంది. దాన్ని పట్టుకోవాల్సింది చిటికెన వేలు. అది అందక ఆవిడ కుడిచేతిని మౌసు మీంచి తీసి, అడ్డంగా చాపి, మూల మీట నొక్కి, మళ్లీ మౌసు దగ్గరికి వచ్చి, ఎక్కడ ఆపిందో వెతుక్కుంటోంది. రోజుకు కొన్ని వందల సార్లు. ఆ వెతుకులాటలో సన్నటి వలయాలు జారిపోతున్నాయి. కళ్లకేమీ కాలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?"

"ఏమని చెప్పను? నాలుగు ఊళ్లవాళ్లకి పనికొచ్చేదాన్ని నా రెండు వేళ్ల కోసం మార్చమంటానా?"

"పాతదాంట్లో మీకోసమే మార్చారా?"

"ఎవరూ మార్చలేదే. అది అలాగే ఉండేది" అంది. తన వేళ్ల వంక చూసుకుని, "అలాగే ఉండేదనుకున్నాను" అంది.

ఆ మధ్యాహ్నం పాత గీత రాతప్రతిని, అంటే ప్రోగ్రాం రాసిన అసలు పాఠాన్ని తెరిచాను. అంతకుముందు నేను చదివింది లెక్కల భాగమే. మెనూలు, మీటల భాగం ఎలాగూ పారేసేదే కదా అని తెరవనే లేదు. దాన్ని రాసినాయన్ని మా ఆఫీసులో ప్రోగ్రాం సారు అనేవారు. పదకొండేళ్లు పనిచేసి, భార్యకు జబ్బు చేస్తే వైద్యం కోసమని తొమ్మిదేళ్ల కిందట పెద్ద ఊరికి వెళ్లిపోయారు. నేను ఆయన్ని చూడలేదు. ప్రోగ్రాం రాసేవాళ్లు మధ్యమధ్య తమకోసమో, తరవాత వచ్చేవాళ్ల కోసమో చిన్న చిన్న గమనికలు రాసుకుంటారు. ఆయన గమనికలు తేదీలతో సహా మామూలు మాటల్లో ఉన్నాయి.

'ఆవిడకి చివరి రెండు వేళ్లు వంగవు. అన్నీ బొటనవేలికీ, చూపుడువేలికీ, మధ్యవేలికీ అందాలి. మొత్తం మార్చాను.'

'ఈరోజు మూడుసార్లు కళ్లు నులుముకున్నారు. తెర మీది తెలుపు తగ్గించాను.'

'వెనక్కి వెళ్లడానికి ఇరవై అడుగులు చాలవు. ఆవిడకి అనుమానం ఎక్కువ. హద్దు తీసేశాను.'

'గీతలు బాగా కలిసినచోట వాటంతట అవే అతుక్కునేలా రాశాను. వద్దన్నారు. తీసేశాను.'

'ఆవిడ సెలవులో ఉన్నారు. చూపించడానికి ఎవరూ లేరు. నాలుగు రోజులు పని ఆపాను.'

అలాంటివి ఎనభై దాకా ఉన్నాయి. చివరిది అన్నిటికంటే పైన, ఎవరు తెరిచినా ముందు కనబడేచోట ఉంది.

'రేపట్నించి నేను ఉండను. ఇక్కడ ఏదీ కదపకండి.'

నేను అన్నిటినీ కదిపాను. చదవకుండా కదిపాను.

ఆ గమనికలన్నిటినీ ఏరి, అచ్చు తీసి, రింగులక్క చేతిలో పెట్టాను. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చదివింది. మూడో కాగితం దగ్గర ఆగింది.

"ఇది అమ్మ పోయినప్పటిది. నాలుగు రోజులు కాదు, ఐదు" అంది. చివరి దాకా చదివి, అంచులు సరిచేసి, మళ్లీ మొదటి కాగితం పైకి తెచ్చింది. "రోజూ ఒక గంట నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఏం చూస్తారండీ అంటే ప్రోగ్రాం చూస్తున్నానండీ అనేవారు. నిజమే కాబోలనుకునేదాన్ని."

"ఆయనకి మీరంటే..."

"ఆయన పెళ్లైన మనిషి అమ్మాయ్. వాళ్లావిడ నాకు బాగా తెలుసు. మంచి మనిషి" అంది రింగులక్క, నా మాటకు అడ్డంపడి. తరవాత గొంతు తగ్గించి, "ఈ కాగితాలు నేను ఉంచుకోనా?" అంది.

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లి, పై ముఖమంతా మళ్లీ రాస్తానన్నాను, ఈసారి ఆ నల్ల మెషీన్ కోసం విడిగా, నేటివ్‌గా. ఆయన కళ్లద్దాలు తీసేశారు.

"ఒక్క మనిషి కోసమా? పైగా ఏడాదిలో రిటైరయ్యే మనిషి కోసం?"

"కొలిచేది ఆ ఒక్క మనిషే సార్. మిగతా అందరం ఆవిడ కొలిచినదాని మీద వ్యాసాలు రాసుకుంటున్నాం."

ఆయన వ్యాసాలు గోడ మీద ఫ్రేముల్లో ఉన్నాయి. వాటి వంక ఒకసారి చూసుకున్నారు. "ఆ మూడు సంస్థల పని ఆగకూడదు. మిగిలిన టైము నీ ఇష్టం" అన్నారు.

పని మొదలుపెట్టాక ఇంకో చిక్కు తెలిసింది. నేటివ్ అంటే ఆ మెషీన్‌కి సొంతమైన పద్ధతి. కొత్త మెషీన్ సొంత పద్ధతిలో పొట్టి దారులన్నీ మూల మీట మీదే ఉండాలి. అచ్చంగా దాని పద్ధతి పాటిస్తే అక్క వేళ్లకి మళ్లీ అన్యాయమే. స్పేసు పక్కన మీట ఒకటి ఉంది గాని, దాన్ని మెనూలు తెరవడానికని మెషీన్ ముందే లాగేసుకుంటుంది. రెడీమేడ్ సరంజామాతో దాన్ని విడిపించడం నా వల్ల కాలేదు. మెషీన్‌తో నేరుగా మాట్లాడగలిగితేనే, గీత తెరిచి ఉన్నంతసేపు ఆ మీట మాకొదిలెయ్ అని అడగొచ్చు. అంటే నేటివ్‌గా రాయాల్సిందే, రాసి దాని పద్ధతినే తప్పాల్సిందే. ప్రోగ్రాం సారు ఆ రోజుల్లో తన మెషీన్‌తోనూ ఇలాంటి తగాదాలే పడ్డారని గమనికల్లో కనిపించింది.

మీటలు, రంగు, వెనక్కి వెళ్లడం అన్నీ కుదిరాయి. గీత జారడం మాత్రం కుదరలేదు. ఎన్ని రకాలుగా రాసినా రెండేళ్లో మూడేళ్లో గెంతుతోంది. ఆయన రాసిన ఆ నాలుగు పేజీలు ఎంత చదివినా నా తలకెక్కలేదు.

"ఆయన్నే అడిగితే పోలా?" అన్నాను ఒకరోజు. "నంబరు ఎవరి దగ్గరుంటుందక్కా?"

రింగులక్క పుల్ల రుద్దుతోంది. తలెత్తకుండా పది అంకెలూ గడగడా చెప్పేసింది. నేను నోరెళ్లబెట్టాను.

"మాట్లాడుతుంటారా?"

"లేదు. ఎప్పుడూ చెయ్యలేదు. వెళ్లేటప్పుడు ఇచ్చి వెళ్లారు."

నేనే చేశాను. మెత్తటి, ఆగి ఆగి మాట్లాడే గొంతు. నేనెవరో, ఏ పని మీద చేశానో చెప్పాను. పాత కంప్యూటరు పోయిందని చెప్తే, "ఊఁ, అది మన్నింది ఎక్కువే" అన్నారు. తరవాత, "ఆవిడ ఇంకా అక్కడే పనిచేస్తున్నారా?" అన్నారు.

"ఇక్కడే ఉన్నారు సార్, నా పక్కనే."

రింగులక్క చేతులకి అంటిన చెక్కపొడి తుడుచుకుని ఫోను అందుకుంది. ఆ గదిలో ఫోను గొంతు స్పష్టంగానే వినిపించేది.

"నేనండీ" అంది.

"ఆఁ, చెప్పండి."

"జరిపితే గెంతుతోందండీ."

"ఎంత గెంతుతోంది?"

"రెండేళ్లు. ఒక్కోసారి మూడు."

"చేత్తో ఆపినా గెంతుతోందా, వదిలాక గెంతుతోందా?"

"వదిలేటప్పుడు."

"అయితే గీత మొత్తం మళ్లీ గీస్తున్నట్టున్నారు. కింద గీత కదలకూడదు, దాన్ని అద్దం కింద కాగితంలా వదిలెయ్యాలి. పైదాన్ని మాత్రమే జరపాలి. ఆ అమ్మాయికి చెప్పండి." తరవాత అడిగారు, "చెయ్యి ఎలా ఉంది?"

"అలాగే ఉందండీ."

"కళ్లు?"

"అద్దాలు మారాయి. మీ ఇంట్లో అందరూ..."

"తను పోయి రెండేళ్లయింది. నేను మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను."

"అయ్యో. నాకు తెలియదండీ."

"ఎవరికీ చెప్పలేదు."

ఇద్దరూ మళ్లీ గీత విషయంలోకే వెళ్లిపోయారు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. అంచు మీద నొక్కితే చుక్క ఎంత ఉండాలి, తప్పిపోయిన వలయానికి ఏ రంగు పెట్టాలి, అన్నీ అవే. నేను రాసుకుంటూ పోయాను. చివర్లో ఆయన, "ఒకసారి చూడాలని ఉంది" అన్నారు. తరవాత, "గీతని" అన్నారు.

"తీసుకొస్తానండీ" అంది రింగులక్క.

ఫోను పెట్టేశాక పుల్ల రుద్దడానికి కూర్చుంది. అప్పటికే అద్దంలా నున్నగా అయిపోయిన పుల్లను ఇంకో అరగంట రుద్దింది.

ఆయన చెప్పినట్టు చేస్తే రెండు రోజుల్లో గీత జారింది. పాతదానంత కాదు, అక్క ఒప్పుకుంది గాని నాకు తెలుసు. అయినా ఆవిడ లెక్క మెల్లగా పన్నెండు పుల్లలకు చేరింది. ఒక పొద్దున నేను వరండాలో ఉండగా, "ఏంటయ్యా ఇంత చిక్కిపోయావు, మందులేమైనా వాడుతున్నావా" అని లోపల ఎవరినో పరామర్శించడం వినిపించింది.

ఆ ఏడాది, ఏటి మీది పాత వంతెనను కూల్చినప్పుడు బయటపడ్డ దూలాలు పదకొండు మాకు పంపారు. బతికున్న చెట్లతో మేం రెండు వందల ఎనభై ఏళ్ల వెనక్కి వెళ్లగలం. దూలాలు అంతకంటే పాతవి. వాటి వలయాలు మా వరసలో ఎక్కడ కలుస్తాయో ఎవరికీ అంతు చిక్కలేదు. రింగులక్క నెలరోజులు వాటితో కుస్తీ పట్టింది. గీతలు జరిపీ జరిపీ, ఒకరోజు మధ్యాహ్నం, "అమ్మాయ్, ఇలా రా" అని పిలిచింది. ఒక కరువు ఏడు, ఆ దూలం అసలు వలయమే వెయ్యలేదు. ఆ ఖాళీని పెట్టి జరిపితే యాభై నాలుగేళ్ల పాటు రెండు గీతలూ ఒకే మనిషి గీసినట్టు కలిసిపోయాయి. మా వరస ఒక్కదెబ్బకి నూట అరవై మూడేళ్లు వెనక్కి పెరిగింది. డైరెక్టరు గారు పరుగున వచ్చారు. తన వ్యాసంలో మొదటి పేరు రింగులక్కదే పెడతానన్నారు, పెట్టారు కూడా. వలయాలు తప్పిపోయే చోటు కనిపెట్టడం మెషీన్ చేతుల్లో లేదు. ఆ రోజు నా పక్కన నిలబడి అది చూసినవాళ్లందరికీ తెలుసు.

నెలన్నర తరవాత ఆవిడ రిటైరైంది. మర్నాడు ఫోన్ చేసి, "నీ లాప్‌టాప్ ఒక రోజుకి ఇస్తావా? కొత్త గీత ఉన్నది" అంది. ఇచ్చాను. ఇంకా కొలవని ఒక చెట్టు స్కాను కూడా అడిగి తీసుకుంది. బస్సులో నాలుగు గంటల దారి. పొద్దున్నే వెళ్లి, మరునాటి పొద్దున లాప్‌టాప్ తిరిగివ్వడానికి వచ్చింది.

"సారు ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు. చేతులు కొంచెం వణుకుతున్నాయి. మౌసు పట్టుకోలేరు." కుర్చీలో కూర్చుంది. "నువ్వు మీటలు విడిపించిన పద్ధతి నచ్చిందన్నారు. తనకైతే తట్టేది కాదన్నారు."

"ఇంకేం మాట్లాడుకున్నారు?"

"ఇంకేముంటాయి? మీరు కొలవండి, నేను చూస్తాను అన్నారు. కొలిచాను. వాళ్లమ్మాయి వచ్చి చీకటి పడుతోంది, బస్సు తప్పిపోతుంది అని చెప్పేదాకా ఇద్దరికీ తెలియలేదు."

"మళ్లీ వెళ్తారా అక్కా?"

"వాళ్లమ్మాయికి బదిలీ అయింది. వచ్చే నెల సామాను కట్టేస్తున్నారు. చాలా దూరం, రెండు రోజుల ప్రయాణం" అంది. లేచి, తన బల్ల దగ్గర కొత్తగా చేరినావిడ పని చేసుకుంటుంటే కాసేపు వెనక నిలబడి చూసింది. ఆ అంచు కాదమ్మా, దాని పక్కది అని ఒకసారి వేలుపెట్టి చూపించింది. తరవాత ఇంట్లో తన చెల్లెలు ఎదురుచూస్తుంటుందని వెళ్లిపోయింది.

సాయంత్రం లాప్‌టాప్ తెరిస్తే ఆవిడ కొలిచిన ఫైలు అందులో ఉంది. రెండు వందల పదిహేడు వలయాలు. తిప్పి తిప్పి చూశాను, ఒక్కటీ తప్పలేదు. గీత ప్రతి నొక్కుకూ పక్కన వేళ రాసుకుంటుంది. రింగులక్క మామూలుగా వలయానికి ఐదారు సెకన్లు తీసుకునేది. ఆ రోజు ఒక్కోదానికి యాభై సెకన్లు పట్టింది. తేలిగ్గా కనబడే వెడల్పాటి వలయాలకి కూడా, మొదటిదాన్నించి చివరిదాకా, యాభైకి తగ్గకుండా.